తొర్రూరున ఫ్రెంచి సంఘము

వరంగల్లు నుండి ఖమ్మమునకు పోవు బాటపై నున్న మా తొర్రూరున, ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడినంతనే కార్పొరేటు కళాశాలల ఫ్లెక్సీలు వెలయును. వానియందు 1000కి 990 దాటిన మార్కులు బంగారు రంగున మెఱయుచుండ, వాని క్రింద, నిద్రచాలని కన్నులతో, ఫొటోగ్రాఫరు నవ్వుమనగా నవ్విన పిల్లల ముఖములు కానవచ్చును. ఆ బంగారములో కొంత ఫ్రెంచిది. గణితమునగాని రసాయనశాస్త్రమునగాని మార్కు గడించుటకు రాత్రులు కరగింపవలయును. రెండవ భాషకు రెండేండ్లకు గలిపి యేర్పఱచిన 200 మార్కులకో, ఫారముపై తెలుగునకు బదులు సంస్కృతమనియో ఫ్రెంచియనియో వ్రాసిన సగము పని తీఱునని తల్లిదండ్రుల దృఢవిశ్వాసము. తెలుగు పరీక్షలో దీర్ఘము జాఱిన మార్కును జాఱును. దిద్దు మాస్టారికి తెలుగు వచ్చుటయే ఇందులకు కారణము.

ఇంతకును ఈ 200 మార్కుల మహిమ యేమి? ఎంసెట్టు ర్యాంకునకు ఇంటరు మార్కులలో 25 శాతము వెయిటేజి నడచిన కాలమున సైతము లెక్కకు వచ్చినవి గ్రూపు సబ్జెక్టులే గాని భాషలు గావు. తెలంగాణమున 2023లో ఆ వెయిటేజియు తొలగిపోయెను. కావున ఫ్రెంచి మార్కు ఫ్లెక్సీపై పుట్టి, ఫ్లెక్సీపైననే వెలిగి, తొలివానకు దానితోడనే నేలగూలును. ఆ పిమ్మట దానిని మిరపకళ్ళముపై పరదాగా కప్పుకొందురు. మార్కుల కట్టి సద్వినియోగము వేఱొకటి నేనెఱుగను.

ఇట్టి తరుణమున నేనొక దుస్సాహసమును ప్రతిపాదించుచున్నాను: తొర్రూరు బడిపిల్లలు తామే నడుపుకొను ఫ్రెంచి సంఘము. పదవ తరగతివాడు తొమ్మిదవ తరగతివానికి చెప్పవలెను. చెప్పవలెనన్న ముందు తనకు రావలెను గనుక, పెద్ద పెద్ద కళాశాలలకు తట్టని ఆ నిబంధన ఇచట తనంతటనే అమలగును. గురువునకు జీతము లేదు, గైడు లేదు, 'తప్పక వచ్చు ప్రశ్నల' పట్టిక లేదు.

మొదటినాడే రభస పుట్టును. బల్ల స్త్రీలింగమనియు, దానిపై నున్న పుస్తకము పుంలింగమనియు గురువు చెప్పినంతనే, వెనుక బెంచీ నుండి ఒక బాలిక "ఎందుకన్నా?" అని యడుగును. సమాధానము లేదు, ఫ్రాన్సునందును లేదు. ఐనను 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణమును తెఱచి చూచిన, ఏకవచనమున స్త్రీని బల్ల సరసన నిలిపి రెండింటిచేతను 'వచ్చినది' అనిపించిన ఘనత మనదేనని తేలును. వారు బల్లను స్త్రీని చేసిరి. మనము స్త్రీని బల్లను చేసితిమి. దీనిపై అరగంట వాగ్వాదము జరుగును. ఏ పరీక్షకును పనికిరాని ఆ అరగంటయే నాకు కావలసినది.

అంతలో ఒక తండ్రి వచ్చును.

"గిండ్ల ఎన్ని మార్కులొస్తయ్ రా?"

"మార్కులుండయ్ కాకా."

"సర్టిఫికెట్ ఇస్తరా?"

"ఇయ్యరు."

"ఫీజెంత?"

"ఫీజు లేదు."

"గట్లయితే గది సదువే గాదు."

ఆయన నేమందుము? ఫీజు లేనిచోట విద్య యుండునని ఆయనకు చూపినవారెవరు? ఐనను మార్కుల ప్రసక్తి లేకయే భాషలు నేర్చినవారు మనలోనే కలరు. యానాములోని తెలుగువారు 1954 వఱకు ఫ్రెంచి యేలుబడిలో నుండి, ఆ దొరలతో నెగ్గుకొని వచ్చిరి, మా పొరుగు పాలకుర్తికి చెందిన నాటి సోమనాథకవి తెలుగున, సంస్కృతమున, కన్నడమున కూడ రచనలు చేసెను, వీరిలో నెవ్వరిని "నీ రెండవ భాష యేది?" అని ఫారమిచ్చి యడిగినవాడు లేడు. వారికి భాష వచ్చెను. టోటలు మాత్రము రాలేదు.

తొర్రూరు పెద్దలకు నా మనవి యొక్కటే. సాయంకాలము బడి విడిచిన పిమ్మట ఒక గంటసేపు ఖాళీగా నుండు గదియు, అందొక బల్లయు ఎవరైన ఇప్పింపుడు. బల్ల ఏ లింగమైనను మా కభ్యంతరము లేదు.