దారి వేసినవాళ్లదే ఆ గెలుపు: ఒక స్టూవర్ట్ ట్యాంకు ఆత్మకథ

నేను స్టూవర్ట్ ట్యాంకును. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో ఒక కర్మాగారంలో పుట్టాను. అమెరికా అంతర్యుద్ధంలో పేరు మోసిన ఒక అశ్వదళ సేనాని పేరును బ్రిటిష్‌వాళ్లు మా జాతికి పెట్టారు. నా బరువు సుమారు 15 టన్నులు. 37 మిల్లీమీటర్ల ఫిరంగి, తోడుగా మెషిన్ గన్‌లు, లోపల నలుగురు మనుషులు. ఆనాటి పెద్ద ట్యాంకుల పక్కన నిలబెడితే చిన్నదాన్నే. కవచం పలుచన. అయితే బరువు తక్కువ, పరుగు ఎక్కువ. కొండదారిలో ఆ తక్కువ బరువే నాకు వరమైంది.

1965 యుద్ధం మీకు తెలుసు, 1971 తెలుసు, కార్గిల్ తెలుసు. 1948 నవంబరు 1న కాశ్మీర్‌లోని జోజిలా కనుమలో జరిగిన పోరు మాత్రం చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా ‘ట్యాంకులు కొండెక్కి గెలిచాయి’ అని ఒక్క మాటలో చెప్పేస్తారు. మేము ఎక్కలేదు, మమ్మల్ని ఎక్కించారు. ఎక్కించినవాళ్లలో దక్షిణాది కూలినాలి ఇళ్లనుంచి, రైతుల ఇళ్లనుంచి పలుగూ పారా పట్టి వచ్చిన కుర్రాళ్లున్నారు. నా కథలో ప్రధాన పాత్ర వాళ్లదే.

ముందు మా రెజిమెంటు సంగతి చెప్పాలి. 7వ లైట్ కావల్రీ 1784లో మద్రాసు ప్రెసిడెన్సీలో గుర్రపు దళంగా పుట్టింది. భారతీయులను అధికారులుగా నియమించడానికి 1923లో బ్రిటిష్ ప్రభుత్వం ఎంపిక చేసిన ఎనిమిది దళాల్లో ఇదొకటి. గుర్రాలు పోయి ట్యాంకులు వచ్చాక, 1944లో ఇంఫాల్ దగ్గర జపాన్ సేనలను ఎదిరించింది. అడవుల్లో, బురదలో, నిటారు గుట్టల మీద ట్యాంకు నడపడం మా డ్రైవర్లు అక్కడే నేర్చుకున్నారు. 1947లో దేశంతోపాటు సైన్యమూ రెండుగా చీలింది. ఒకే వంటశాలలో తిన్నవాళ్లు, ఒకే ట్యాంకును తుడిచి నూనె పోసినవాళ్లు చెరో దేశానికి వెళ్లిపోయారు.

ఆ ఏడాది అక్టోబరులోనే పాకిస్తాన్ వైపునుంచి కాశ్మీర్ మీద దాడి మొదలైంది. అక్టోబరు 27న మన సైనికులు విమానాల్లో శ్రీనగర్‌లో దిగారు. నవంబరు 7న శ్రీనగర్ శివార్లలోని షాలటెంగ్ దగ్గర మా రెజిమెంటు సాయుధ కార్లు చొరబాటుదారులను చెదరగొట్టడంలో పెద్దపాత్ర వహించాయి. లోయ నిలబడింది. ఆ తర్వాత పోరు పర్వతాల మీదికి మారింది.

శ్రీనగర్ నుంచి లద్దాఖ్‌లోని లేహ్‌కు పోవాలంటే జోజిలా దాటాలి. ఎత్తు 11,575 అడుగులు. 1948 వేసవి నాటికి కార్గిల్, ద్రాస్ పోయాయి, జోజిలా కూడా శత్రువు చేతికి చిక్కింది. ఆరు నెలలు ముట్టడిలో నిలిచిన స్కర్దూ ఆగస్టు 14న పడిపోయింది. లేహ్ ఒంటరిదైంది. మే 24న ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్, మేజర్ జనరల్ థిమ్మయ్యను వెంటబెట్టుకుని డకోటా విమానాన్ని అక్కడి ఇసుక మైదానంలో దించి గాలిదారి తెరిచారు. కానీ చలికాలమంతా ఒక పట్టణాన్నీ దాని సైన్యాన్నీ గాలిదారి మీదే బతికించడం అయ్యే పని కాదు. మంచు పూర్తిగా మూసుకుపోకముందే నేలదారి తెరవాలి.

77వ పారాచూట్ బ్రిగేడు సెప్టెంబరు మొదట్లో ఒకసారి, నెల మధ్యలో మరోసారి కనుమ మీద దాడి చేసింది. రెండుసార్లూ వెనక్కి రావలసి వచ్చింది. కనుమకు రెండు పక్కలా గట్ల మీద శత్రువు మెషిన్ గన్‌లు బండల చాటున పాతుకుని ఉన్నాయి. కింద నుంచి నడిచి వచ్చే జవానుకు దాక్కోవడానికి చెట్టు లేదు, పొద లేదు. మన ఫిరంగి గుళ్లు రాళ్లను పగలగొట్టాయేగాని రాళ్ల వెనక ఉన్నవాళ్లను కదిలించలేకపోయాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, సెప్టెంబరు 13న, మన సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి కదిలింది. అందులో నా జాతి స్టూవర్ట్ ట్యాంకులూ ఉన్నాయి. దండు నడిపిన మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి యువ అధికారిగా చేరింది మా 7వ లైట్ కావల్రీలోనే. అక్కడ ఐదు రోజుల్లో పని ముగిసింది. తెలుగు నేల మీద చదును బాటలు దొరికిన మా జాతికి, ఇక్కడ జోజిలాలో అడుగు పెట్టడానికి కూడా చోటు లేదు.

అప్పుడు డివిజన్ కమాండర్ థిమ్మయ్య ఒక నిర్ణయానికి వచ్చారు. కొడగులో పుట్టిన ఆయనకు కొండలంటే తెలుసు, బర్మాలో పోరాడిన ఆయనకు ట్యాంకు అంటే తెలుసు. బండ చాటునున్న మెషిన్ గన్‌ను దగ్గరగా వెళ్లి, సూటిగా గురిపెట్టి కొట్టగలిగే ఫిరంగి కావాలి. దాన్ని మోసుకుని పోయేది తూటాలకు లొంగకూడదు. అంటే ట్యాంకు కావాలి. పదకొండున్నర వేల అడుగుల ఎత్తున అప్పటికి లోకంలో ఎక్కడా ట్యాంకు పోరాడలేదు. మా రెజిమెంటు కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ రాజిందర్ సింగ్ అవుతుందన్నారు. ఆయన్ను సైన్యమంతా ‘స్పారో’ అని పిలిచేది. దాడికి ‘ఆపరేషన్ బైసన్’ అని పేరు పెట్టారు.

అసలు చిక్కు దారిది. దిగువనున్న బల్తాల్ నుంచి కనుమకు ఉన్నది కంచరగాడిదలు పోయే బాట. ఒక పక్క నిట్టనిలువు కొండ, మరో పక్క అగాధం. నా వెడల్పు ఏడడుగుల పైనే. ఆ బాటను నాకు సరిపడేలా వెడల్పు చేసే పని మద్రాస్ శాపర్స్‌కు అప్పగించారు. బెంగళూరు కేంద్రంగా ఉన్న ఆ ఇంజినీరు దళం 1780 నాటిది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాల కుర్రాళ్లు అందులో చేరతారు. సైన్యంలో వాళ్లను ముద్దుగా ‘తంబీలు’ అంటారు. మేజర్ తంగరాజు ఆధ్వర్యంలో రెండు ఫీల్డ్ కంపెనీలు ఆ పనికి దిగాయి.

ఆ పని ఎలాంటిదో ఒక్కసారి ఊహించండి. మంచు అంటే కథల్లో విన్నవాళ్లు. వేసవిలో మిరపకాయలు ఎండే ఊళ్లవాళ్లు. సన్నటి గాలిలో నాలుగు దెబ్బలు వేస్తే ఊపిరాడదు. చలికి గడ్డపార అరచేతికి అతుక్కుపోతుంది, లాగితే తోలు ఊడి వస్తుంది. బండకు తమరు వేసి, మందు కూరి, పేల్చి, ఆ రాళ్లతోనే బయటి అంచున గోడ పేర్చాలి. వాగుల మీద నా బరువుకు ఆగే తూములు కట్టాలి. పైనుంచి శత్రువు కనిపెడితే కాల్పులు, కొండ కదిలితే రాళ్ల వాన. అయినా వారాల్లోనే గాడిదల బాట నా బాట అయింది.

ఆ లోపు మా ప్రయాణం సాగింది. జమ్మూ దగ్గరి అఖ్నూర్ నుంచి మమ్మల్ని గుట్టుగా తరలించాలి. ట్యాంకులు వస్తున్నాయని పొక్కితే ఈ శ్రమంతా వృథా. పైగా దారిలోని వంతెనలకు మా బరువు మోసే శక్తి లేదు. అందుకని ఫిరంగి ఉండి గుండ్రంగా తిరిగే నా పైభాగాన్ని, అంటే టరెట్‌ను, విప్పేశారు. బోల్టులు ఒక్కొక్కటిగా ఊడదీసి, గొలుసు కప్పీలతో పైకెత్తి లారీలో పెట్టారు. మిగిలిన మొండాన్ని కాన్వాసుతో కప్పారు. రాత్రిళ్లు నడిపారు. శిబిరం చేరాక మళ్లీ బిగించారు. ఈ పని చేసిన మెకానిక్కుల చేతులు నాకు ఇప్పటికీ గుర్తే. చలికి బిగుసుకున్న వేళ్లతో మరను మొదటి చుట్టు తిప్పడానికే తంటాలు పడేవాళ్లు. చేతి తొడుగు వేసుకుంటే మర పట్టు చిక్కదు, తీస్తే వేలు నిలవదు.

దాడిని అక్టోబరు 20 ప్రాంతంలో అనుకున్నారు. మంచు తుపాను అడ్డుపడింది. రోజులు గడుస్తున్న కొద్దీ బాట మంచుతో పూడిపోతోంది, శాపర్లు మళ్లీ తవ్వుతున్నారు. రాత్రిపూట చలి సున్నాకు ఎంతో దిగువకు పోయేది. ఇంజనులో నూనె గడ్డకడితే తెల్లవారి నేను కదలను. అందుకని డ్రైవర్లు వంతులవారీగా మేలుకుని, కొంతసేపటికోసారి ఇంజను తిప్పి వేడెక్కించేవాళ్లు. పసిబిడ్డకు జ్వరమొస్తే తల్లి రాత్రంతా నుదురు తడిమినట్టు వాళ్లు నా రేడియేటరు తడిమి చూసేవాళ్లు.

నవంబరు 1 వచ్చింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. మధ్యాహ్నం దాటాక మేము వరసగా బయల్దేరాం. థిమ్మయ్య స్వయంగా ఒక ట్యాంకు ఎక్కారు. డివిజన్ కమాండర్ ముందు వరసలో ఉండడం చూసి పదాతి జవాన్లకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

ఇరుకు మలుపు దగ్గర నా ముందు ఒక శాపర్ వెనక్కి వెనక్కి నడుస్తూ, రెండు చేతులతో సైగ చేస్తూ డ్రైవరుకు దారి చూపాడు. నా కుడి చైను రాళ్ల గోడ అంచున ఉంది. దాని కింద రాయి కరకరమంది. పక్కన నిలబడ్డ చిన్నవాడొకడు గుండె పట్టుకున్నాడు.

“అన్నా, గోడ ఆగుద్దా?”

“మనం పేర్చిందే గదరా. ఆగుద్ది. నువ్వు ఇవతలికి రా.”

గోడ ఆగింది. నేను మలుపు తిరిగాను. ఆ తెలుగు మాటలు నా ఇంజను రొదలో కలిసిపోయాయి.

గాలి పలుచన. మైదానంలో ఉండే ప్రాణవాయువులో మూడింట రెండు వంతులే ఇక్కడ ఉంటుంది. ఇంజనుకూ ఊపిరి అందదు. మొదటి గేరులో మూలుగుతూ ఎక్కాను. గట్లమీది మెషిన్ గన్‌లు నా మీద కాల్చాయి. తూటాలు కవచానికి తగిలి చిట్లిపోయాయి. మేము ఆగి, గురి చూసి, రాళ్ల గూళ్లలోకి నేరుగా గుళ్లు పంపాం. ఇంత ఎత్తుకు ట్యాంకు వస్తుందని ఎదుటివాళ్లు కలలో కూడా అనుకోలేదు. మోర్చాలు వదిలి వెనక్కి పోయారు. మా వెనకే పటియాలా పదాతి దళం చొచ్చుకువచ్చింది. సాయంత్రానికి కనుమ అవతలి గుమ్రీ లోయ మన చేతికొచ్చింది. రెండు నెలలు తలబాదుకున్నా తెరుచుకోని తలుపు ఒక్క పూటలో తెరుచుకుంది.

ఆ తర్వాత మటాయన్, పింద్రాస్. నవంబరు మధ్యలో ద్రాస్. నవంబరు 24 నాటికి కార్గిల్‌లో మన దళం లేహ్ వైపునుంచి వచ్చిన దళంతో కలిసింది. మంచు ఇంకా పెరిగింది. చాలినన్ని చలి దుస్తులు లేక కాలివేళ్లు, చేతివేళ్లు పోగొట్టుకున్న జవాన్లు ఎందరో. తూటా దెబ్బలకు ఉన్న గౌరవం ఈ గాయాలకూ దక్కాలి. 1949 జనవరి 1న కాల్పుల విరమణ వచ్చేసరికి లద్దాఖ్ దారి మన చేతిలో ఉంది. ఆ నవంబరులో అది తెరవకపోయి ఉంటే లద్దాఖ్ భవిష్యత్తు ఏమయ్యేదో తలచుకుంటేనే గుబులు పుడుతుంది.

రాజిందర్ సింగ్‌కు మహావీర చక్ర ఇచ్చారు. 1965లో ఆయన మరోసారి దాన్ని అందుకున్నారు, తర్వాత పార్లమెంటుకూ ఎన్నికయ్యారు. థిమ్మయ్య 1957లో సైన్యాధిపతి అయ్యారు. 1965లో సైప్రస్‌లో ఐక్యరాజ్యసమితి సేనకు నాయకత్వం వహిస్తూ కన్నుమూశారు. వాళ్లిద్దరూ ఆ గౌరవాలన్నిటికీ అర్హులు. నాలాంటి పాత ట్యాంకులకు రంగు వేసి, అరుగు కట్టి నిలబెడతారు. పిల్లలు ఎక్కి ఫొటోలు దిగుతారు. బాట కోసం గడ్డపార పట్టినవాడికి అరుగు లేదు. అతని బాట మీదే తర్వాత లారీలు నడిచాయి, బియ్యం నడిచింది, కిరసనాయిలు నడిచింది, 1999లో కార్గిల్‌కు సైన్యమూ ఆ కనుమ మీదుగానే నడిచింది.

ఇప్పుడు ఆ కొండ కిందుగా సుమారు 13 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు. 2020 అక్టోబరులో పనులు మొదలయ్యాయి. తవ్వుతున్నది హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ సంస్థ. తెలుగు చేతులు మళ్లీ జోజిలా రాయిని తాకుతున్నాయన్న మాట వింటే నాకు ఎంతో సంతోషం. చలికాలంలో మూతపడే ఆ దారి ఏడాది పొడవునా తెరిచి ఉంటే అక్కడి ప్రజలకు ఆస్పత్రీ సంతా దగ్గరవుతాయి.

చివరిగా మీకొక విన్నపం. మీ ఇంట్లో, మీ వీధిలో మద్రాస్ శాపర్స్‌లో పనిచేసిన తాతయ్య ఉంటే, లేదా ఆయన మాటలు విన్న పిల్లలుంటే, ఆ జ్ఞాపకాలు రాసిపెట్టండి. ఏ కొండలో ఏ వంతెన కట్టారో, ఏ చలిలో ఏం తిన్నారో, ఎవరు తిరిగి రాలేదో అడిగి రాయండి. సేనానుల చరిత్రను ప్రభుత్వాలు రాస్తాయి. దారి వేసినవాళ్ల చరిత్రను వాళ్ల బిడ్డలే రాయాలి.