తడి ఎక్కడికి పోతుంది?

మాంచెస్టర్‌లో కాపురం పెట్టిన మొదటి చలికాలం నేను చేసిన తెలివితక్కువ పని తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఉతికిన బట్టలన్నీ పడగ్గదిలో రేడియేటర్ మీదా, పక్కన స్టాండు మీదా ఆరేసి, వెచ్చదనం పోకూడదని కిటికీలు బిగించేవాణ్ణి. తెల్లారేసరికి బట్టలు ఆరేవి. ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ తడి ఎక్కడికి పోయిందన్న ఆలోచనే నాకు రాలేదు.

ఎలా వస్తుంది? నేను పెరిగింది తెనాలిలో. డాబా మీద దండెం కట్టి ఆరేస్తే, మిట్టమధ్యాహ్నానికల్లా దుప్పట్లు కూడా పెళపెళలాడేవి. బట్టలు వదిలిన నీటిని ఎండా గాలీ మోసుకుపోయేవి. ఆ చాకిరీ అవి చేసిపెడుతున్నాయని ఇంట్లో ఎవరం ఏనాడూ గమనించలేదు.

వాషింగ్ మెషిన్ గట్టిగా పిండి ఇచ్చినా, ఒక వాయి బట్టల్లో రెండు లీటర్ల దాకా నీరు మిగిలే ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి మహా అయితే 17 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. మా గదిలో ఉండే గాలి సుమారు 30 ఘనమీటర్లు. అంటే అది ఎంత పొడిగా ఉన్నా, అర లీటరుకు మించి మోయలేదు. మిగిలిన నీరు ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉన్న చోట చేరుతుంది. మా ఇంట్లో ఆ చోటు చెక్క బీరువా వెనకున్న బయటిగోడ.

ఒకరోజు బీరువా జరిపి చూస్తే, మోకాలెత్తు వరకు గోడ నల్లబడి ఉంది. పైన విడివిడిగా చుక్కలు, కింద అవన్నీ కలిసిపోయి మరకలు. బీరువా వెనక చెక్క మీద వేలు నొక్కితే మెత్తగా దిగింది. లోపలున్న మా ఆవిడ పెళ్ళి పట్టుచీర అంచుకూ బూజు పాకింది. మా చిన్నాడు పడుకునేది ఆ గదిలోనే. రాత్రిళ్ళు వాడు దగ్గుతుంటే చలికేలే అని సరిపెట్టుకున్నందుకు నన్ను నేను క్షమించుకోలేకపోయాను.

వెంటనే గాలిలోని తడిని లాగేసే డీహ్యూమిడిఫయర్ కొన్నాను. దాన్నీ తిన్నగా వాడలేదు. "కిటికీ తియ్యరా, గాలాడకపోతే బట్టలెలా ఆరతాయి?" అని అమ్మ ఫోన్లో అంది. ఆమె ఇంట్లో అది నిజమే. నేను సగం కిటికీ తెరిచి మెషిన్ వేశాను. అది కాసేపు నడిచేది, కాసేపు ఆగేది. లోపలికి తొంగిచూస్తే గొట్టాల మీద మంచు పేరుకుని ఉంది. పాడు సరుకు అంటగట్టారని అమ్మినవాళ్ళకు ఫోన్ చెయ్యబోతుంటే, మా ఆవిడ పెట్టెలో వచ్చిన పుస్తకం తీసి, "కిటికీలూ తలుపులూ మూసి వాడమని రాసుందండీ" అని చూపించింది.

ఈ మెషిన్ గదిలో గాలిని పీల్చి చల్లటి గొట్టాల మీదుగా పోనిస్తుంది. గాలిలోని ఆవిరి అక్కడ నీరై బకెట్లో పడుతుంది. పొడిబారిన గాలి కాస్త వేడెక్కి మళ్ళీ గదిలోకి వస్తుంది. గది మరీ చల్లబడితే గొట్టాలకు మంచు పట్టి, అది కరిగేదాకా పని ఆగిపోతుంది. అలాంటి గదులకు చల్లటి గొట్టాలకు బదులు తేమను పీల్చే పదార్థం వాడే డెసికెంట్ రకం మేలు. తడిని కిటికీలోంచి బయటికైనా పంపాలి, కిటికీ మూసి బకెట్లోకైనా పట్టాలి. రెండూ కలిపి చేస్తే కరెంటూ వెచ్చదనమూ రెండూ దండగ.

ఇప్పుడు చిన్న గదిలో, బట్టకూ బట్టకూ మధ్య ఎడం ఉంచి ఆరేసి, తలుపు మూసి మెషిన్ పెడుతున్నాం. మాది నడిచేటప్పుడు 200 వాట్ల దాకా తీసుకుంటుంది. పొద్దున్నే బకెట్ ఎత్తితే బరువు చేతికి తెలుస్తుంది. ఇన్నాళ్ళూ మా గోడలు తాగింది ఈ నీళ్ళనే.

అలాగని బూజు కనిపించిన ప్రతి ఇంట్లోనూ ఆ ఇంటివాళ్ళనే తప్పుపట్టకూడదు. మాకు దగ్గర్లోని రాచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ పసివాడు ఇంట్లోని బూజు వల్ల చనిపోయాడు. తండ్రి మొరపెట్టుకుంటే ఇల్లు అద్దెకిచ్చిన సంస్థవాళ్ళు ఆ కుటుంబం అలవాట్లనే వేలెత్తి చూపారు. ఆ ఇంట్లో గాలి ఆడే ఏర్పాటు సరిగా లేదని 2022లో కారోనర్ విచారణలో తేలింది. సామాజిక గృహాల్లో తేమను, బూజును గడువులోగా సరిచెయ్యాలన్న చట్టం ఆ బాబు పేరు మీదే వచ్చింది.

ఈ దేశానికి కొత్తగా వచ్చే మనవాళ్ళకు నేను చెప్పేదొకటే. మెషిన్ కన్నా ముందు తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ కొనుక్కోండి. అంకె 50, 60 శాతం మధ్య ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. బట్టలు ఆరేసిన రోజే అది పైకి పోతుంటే దిద్దుకోవడం మన చేతిలో ఉంది. ఆరేయని రోజుల్లోనూ 70 దాటుతుంటే ఇంట్లోనే లోపం ఉందేమో చూడమని, ఫొటోలు జతచేసి ఇంటి యజమానికి రాతలో పెట్టండి. సర్దుకుపోవద్దు. పిల్లలు పీల్చేది ఆ గాలినే.