‘స్పాన్సరెవ్వరన్న’ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కర్త ఎవరో తెలియదు. కాలం మాత్రం లోపలి సాక్ష్యాన్ని బట్టి చెప్పవచ్చు. పద్యంలో చాయి ఉంది, వీసా ఉంది, డాలరు ఉంది. కనుక నన్నయకు తరవాతిదే. స్థలం బెంగళూరు. జయనగర నాలుగో బ్లాకులోనో కోరమంగళలోనో మొదటి అంతస్తు, అద్దాల తలుపు, తలుపు మీద నాలుగు దేశాల జెండాలు, లోపల వణికించే ఏసీ. మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్యానం రాశాడు గాని, వేసవి సెలవుల్లో అమెరికా వెళ్ళి పనిచేసి రావాలనుకునే బీటెక్ కుర్రాడు ఏజెన్సీని ఎలా ఎంచుకోవాలన్న విషయం మీద ఒక్క ముక్కా రాయలేదు. ఆ లోటు తీర్చే సాహసమిది.

మూలం

ఆ. వేసవి పని దొరకు, వీసాయు దొరకును,
డబ్బు ముందు కట్ట డాలరొచ్చు,
స్పాన్సరెవ్వరన్న చాయి తెప్పించును,
అట్టివాని చేతి కప్పులేల?

ప్రతిపదార్థం

వేసవి పని = సెలవు నెలల్లో హోటల్లో పక్కలు సర్దడం, వాటర్ పార్కు గేటు దగ్గర టికెట్లు చింపడం మొదలైన కొలువు; దొరకు = దొరకును (అని ఏజెంటు పలుకును); వీసాయు = వీసా కూడ (‘యు’ అన్న సముచ్చయం చేత వసతి, ఇన్సూరెన్సు కూడ గ్రహించాలి); డబ్బు = తండ్రిది; ముందు = ఏ కాగితమూ చేతికి రాకముందే; కట్టన్ = చెల్లించగా; డాలరొచ్చు = డాలరు వచ్చును; స్పాన్సరు ఎవ్వరు అన్నన్ = స్పాన్సరు ఎవరని అడిగితే; చాయి తెప్పించును = టీ తెప్పిస్తాడు; అట్టివాని చేతికి = అలాంటివాడి చేతికి; అప్పులు ఏల = అప్పు చేసి మరీ డబ్బు పోయడం ఎందుకు?

తాత్పర్యం

పని, వీసా రెండూ ఖాయమని, ముందు డబ్బు కడితే డాలర్లు వాటంతటవే వస్తాయని చెబుతూ, స్పాన్సరు పేరు అడిగేసరికి మాట మార్చే ఏజెంటు దగ్గర డబ్బు కట్టవద్దని భావం.

మొదటి పాదం

‘దొరకును’ తద్ధర్మార్థక క్రియ. భూతమూ కాదు, వర్తమానమూ కాదు, నికరమైన భవిష్యత్తూ కాదు. ఏజెంట్ల భాషంతా ఈ క్రియారూపం మీదే నడుస్తుంది. ‘దొరికింది, ఇదిగో కాగితం’ అన్నవాడు ఏజెంటు కాడని కాదు, అలాంటివాడు అరుదు. వీసా విషయంలో ఈ మాట మరీ చెల్లదు. ఇచ్చేది, ఇవ్వనిది కాన్సులేటు అధికారి. వచ్చినవాడు తిరిగి వెళ్ళడన్న అనుమానంతోనే అమెరికా చట్టం 214(బి) సెక్షను మొదలవుతుంది. ఆ అనుమానం తీర్చే భారం కుర్రాడిది. కాబట్టి ‘నూటికి నూరు శాతం వీసా’ అని బోర్డు పెట్టినవాడు, వరాలిచ్చే అధికారం తనకు లేదని తెలిసే పెట్టాడనుకోవాలి. 2025 జనవరి 17న బెంగళూరులో అమెరికా కాన్సులేటు ప్రారంభమైంది గాని, వీసా సేవలు ఆ రోజే మొదలవలేదు. ‘కాన్సులేటు మన పక్క వీధే కదా’ అన్నమాట విని వీసా దగ్గరైందనుకున్నవాళ్ళు చెన్నై రైలు టికెట్టు కూడ లెక్కలో వేసుకోవాలి.

‘వేసవి’ ఎవరి వేసవి? ఇక్కడ వ్యాఖ్యాతలు రెండు పాయలు. విదేశీ విద్యార్థులను వేసవి పనికి రానిచ్చే అమెరికా జే-1 వీసా కార్యక్రమం, సమ్మర్ వర్క్ ట్రావెల్, గరిష్ఠంగా నాలుగు నెలలు. ఏ దేశం విద్యార్థి ఏ తేదీల మధ్య రావాలో అమెరికా విదేశాంగ శాఖే నిర్ణయిస్తుంది. మనవాడి సెలవులేమో విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం పరీక్షల టైంటేబులు చేతిలో ఉంటాయి. రెండు వేసవులూ కలిస్తేనే పద్యానికి అన్వయం కుదురుతుంది. కుదరకపోతే ‘సప్లీ రాసుకుందువులే’ అని సలహా ఇచ్చే కౌన్సిలరు మేడమ్‌కు నమస్కారం పెట్టి మెట్లు దిగాలి.

రెండో పాదం

‘వచ్చు’ను ‘ఒచ్చు’ అనడం గ్రామ్యం. చిన్నయసూరి ఒప్పుకోడు. మారతహళ్ళి పీజీల వ్యవహారం ప్రమాణంగా మేము ఒప్పుకుంటున్నాం. డాలరు ఏకవచనంలో ఎందుకుందన్న శంకకు సమాధానం జాత్యేకవచనమని. మొత్తం మీద మిగిలేది ఒక్కటేనని కోరమంగళ సంప్రదాయం వారి వ్యంగ్యార్థం.

‘డబ్బు’ అన్న పదాన్ని విడగొట్టడంలోనే విద్య అంతా ఉంది. ఈ కార్యక్రమానికి అమెరికా ప్రభుత్వానికి వెళ్ళే సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాల నమోదు) రుసుము 35 డాలర్లు, వీసా దరఖాస్తు రుసుము 185 డాలర్లు. ఈ రెండూ ఎవరి ద్వారా కట్టినా మారవు. మిగిలినదంతా స్పాన్సరు రుసుము (స్పాన్సరంటే ఎవరో మూడో పాదంలో తేలుతుంది), ఇన్సూరెన్సు, ఇక్కడి ఏజెన్సీ కూలి. వీటిని కలిపి ముద్దచేసి ‘టోటల్ ప్యాకేజీ’ అంటారు. ఆ ముద్దను విడదీసి కాగితం మీద రాసిమ్మనడం అమర్యాదేమీ కాదు. ప్రతి దేశంలో తమ కార్యక్రమానికి ఎంత వసూలవుతుందో ధరల పట్టిక ఏటా సమర్పించాల్సిన బాధ్యత స్పాన్సరు మీద ఉంది. అక్కడ వాషింగ్టనుకు చెప్పగలిగింది ఇక్కడ జయనగరలో చెప్పకూడని రహస్యం ఎలా అవుతుంది? ‘రీఫండబుల్’ అన్న పదానికి మాత్రం మా దగ్గర అర్థం లేదు. నిఘంటువులో ఉంది, రసీదులో లేదు.

‘డాలరొచ్చు’ అన్న దానికి ఐతిహాసిక దృష్టాంతం: 2011 ఆగస్టులో పెన్సిల్వేనియా రాష్ట్రం పామైరాలో హెర్షీ చాక్లెట్లు ప్యాక్ చేసే గిడ్డంగి నుంచి ఇదే వీసా మీద వచ్చిన వందలమంది విదేశీ విద్యార్థులు పని ఆపి బయటికొచ్చారు. సంస్కృతుల పరిచయమన్న పేరుతో వస్తే రాత్రిళ్ళు బరువైన పెట్టెలు మోయించారని, జీతంలోంచి అద్దె కోసుకోగా మిగిలేది చాలా తక్కువని వాళ్ళ మొర. మరుసటి ఏడు వాళ్ళను రప్పించిన స్పాన్సరు గుర్తింపు పోయింది, నియమాలు బిగిశాయి. ప్రధానంగా రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్య సాగే పనులు నిషిద్ధం. మనలాంటి దేశాల విద్యార్థికి బయలుదేరకముందే పని ఖాయం కావాలి. ‘అక్కడికెళ్ళాక చూసుకుందాం’ అన్న వాక్యం అప్పటినుంచీ అపశబ్దం.

మూడో పాదం

పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ‘స్పా’కూ ‘చా’కూ సరసయతి చెల్లింది. ఈ కవి ఉద్దేశంలో స్పాన్సరుకూ చాయికీ ఇంతకు మించిన సంబంధం లేదు.

స్పాన్సరంటే ఇల్లు అమ్మి డబ్బిచ్చే మేనమామ కాడు. డీఎస్-2019 అనే కాగితం మీద సంతకం చేసే అమెరికా సంస్థ. ఆ కాగితం లేకుండా జే-1 వీసాకు దరఖాస్తు పెట్టడం కుదరదు. దాన్ని ఇచ్చే హక్కు విదేశాంగ శాఖ గుర్తించిన సంస్థలకే ఉంది. వాటి జాబితా బహిరంగంగా దొరుకుతుంది. బెంగళూరు ఆఫీసు ఎంత పెద్దదైనా, సోఫాలు ఎంత మెత్తనైనా, ఆ సంస్థ తరఫున ఇక్కడ పనిచేసే మధ్యవర్తే. కనుక ఎంచుకోవాల్సింది ఏజెన్సీని కాదు, దాని వెనక ఉన్న సంతకాన్ని. ఆ పేరు చెబితే కుర్రాడు నేరుగా స్పాన్సరుకే మెయిలు పెట్టి ‘ఫలానావారు మీ మనుషులేనా? నాకు చెప్పిన హోటలు మీరు పరిశీలించినదేనా? గంటకు ఎంత?’ అని అడగగలడు. చెప్పకపోతే అడగలేడు. చాయి వచ్చేది ఆ రెంటి మధ్యనే.

చాయి రంగం కాస్త వివరంగా: ‘బన్ని, కూత్కొళ్ళి’ అని కన్నడంలో మొదలవుతుంది. ఇంటిపేరు వినగానే ‘మీది ఏ ఊరండీ?’ అని తెలుగులోకి దిగుతుంది. నెల్లూరంటే నెల్లూరులో వాళ్ళ పిన్ని ఉంటుంది, కర్నూలంటే కర్నూలులో బావగారు. కాగితం కప్పులో అల్లం టీ వస్తుంది. స్పాన్సరు పేరు ఆ పిన్నిగారి ఊళ్ళోనే ఉండిపోతుంది. గోడమీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టు చూపించి ‘గవర్నమెంటు రిజిస్టర్డ్ బాబూ’ అంటాడు. లేచి దగ్గరికెళ్ళి చదివితే అది 1961 నాటి కర్ణాటక దుకాణాల చట్టం కింద తీసుకున్నదైతే ఆశ్చర్యపోనక్కర్లేదు. అదే కాగితం కింది అంతస్తులోని అయ్యంగార్ బేకరీకీ ఉంటుంది. విదేశీ కొలువులకు మనుషుల్ని చేర్చే ఏజెంటుకు కావలసిన నమోదు వేరు. అది 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కిందిది. ఆ నమోదు ఉన్నవాళ్ళ పేర్లు ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఉంటాయి. వాళ్ళు అభ్యర్థి దగ్గర తీసుకోదగిన రుసుముకు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ అన్న హద్దు ఉంది. ఆ హద్దు అడ్డమనిపించినవాడు బోర్డు మీద ‘రిక్రూట్‌మెంటు’ చెరిపేసి ‘కన్సల్టెన్సీ’ అని రాసుకుంటాడు.

‘మన ఊరివాడే కదా’ అన్న పూర్వపక్షం బలమైనది, కనుక ఖండించాలి. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడింది. అమెరికా అధికారులే వల పన్ని నడిపిన బూటకపు కాలేజీ అది. విద్యార్థుల్ని చేర్చి కమిషను తీసుకున్నారని అరెస్టయిన 8 మందివీ మన తెలుగు పేర్లే. అంతకుముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ మూతపడ్డప్పుడు కాళ్ళకు నిఘా పట్టీలు వేయించుకున్నవాళ్ళలోనూ మన పిల్లలున్నారు. చదువు పేర జరిగిన కథలే అవి, పని పేర కాదు. చేర్పించిన తీరు మాత్రం ఒకటే. ‘టూరిస్టు వీసా మీద వెళ్ళు, అక్కడ మార్పిద్దాం’ అన్నవాడి సంగతి చెప్పేటప్పుడు వ్యాఖ్యాతకు హాస్యం రాదు. అలాంటి మాటలతోనే డేటా ఎంట్రీ కొలువని కాంబోడియాకు పంపితే సైబరు మోసాల శిబిరాల్లో చిక్కుకున్న పిల్లల కోసం 2024 మేలో విశాఖ పోలీసులు ఏజెంట్లను పట్టుకోవాల్సి వచ్చింది.

శంక: అసలు ఏజెన్సీయే లేకుండా వెళ్ళే దారి లేదా? సమాధానం: కొన్ని చోట్ల ఏజెంటు ఉన్నా చేయగలిగింది లేదు. ఆస్ట్రేలియా 2024 అక్టోబరులో భారతీయులకు తెరిచిన వర్క్ అండ్ హాలిడే వీసాకు ఏడాదికి 1,000 స్థానాలు, 25 ఆస్ట్రేలియన్ డాలర్లు కట్టి పేరు నమోదు చేసుకుంటే లాటరీ. బ్రిటన్ యంగ్ ప్రొఫెషనల్స్ పథకంలో 3,000 స్థానాలు, లాటరీలో పేరు వేయడానికి పైసా అక్కర్లేదు. డిగ్రీ మాత్రం చేతిలో ఉండాలి. లాటరీలో ‘మనకు పలుకుబడి ఉంది’ అన్నవాడు లాటరీ అంటే తెలియనివాడన్నా కావాలి, తెలిసి ఆడుకుంటున్నవాడన్నా కావాలి. చదువులో ముందున్న పిల్లలకు జర్మనీవారి డాడ్ వైజ్, కెనడావారి మిటాక్స్ గ్లోబలింక్ అనే పరిశోధన ఇంటర్న్‌షిప్‌లు ఉన్నాయి. వాటికి దరఖాస్తు కుర్రాడే పెట్టుకుంటాడు, ఎదురు డబ్బిస్తారు. జే-1కు మాత్రం ఇక్కడొక మనిషి ఉంటే ఇంటర్వ్యూకి తయారు చేయడానికీ, రాత్రిపూట అక్కడివాళ్ళకు ఫోను చేయడానికీ పనికొస్తాడు. నిఖార్సయిన ఏజెన్సీ నిరుడు వెళ్ళొచ్చిన ఇద్దరి నంబర్లు, వాళ్ళను అడిగి, తానే ఇస్తుంది. ఆ సాయానికి కూలి ఇవ్వడంలో తప్పులేదు.

నాలుగో పాదం

‘చేతి కప్పు’ అని విడదీసి, ‘అలాంటివాడి చేతి టీ కప్పులు మనకెందుకు’ అని మారతహళ్ళి సంప్రదాయం వారు చెబుతారు. రసవత్తరమే గాని ఛందస్సు ఒప్పుకోదు. పాదం ‘అ’కారంతో మొదలైంది, యతిస్థానంలో ‘క’ నిలిస్తే యతిభంగం. ‘చేతికి + అప్పులు’ అని విడదీస్తేనే ‘అ’కారం దొరికి యతి నిలుస్తుంది. కనుక కవి వద్దన్నది అప్పునే, టీని కాదు.

అప్పులు బహువచనమెందుకు? ఏజెన్సీకి కట్టడానికి ఒకటి, విమానం టికెట్టుకు ఒకటి. అక్కడ దిగాక మొదటి జీతం చేతికొచ్చేలోపు గది అడ్వాన్సుకూ తిండికీ మూడోది. ఈ మూడోదాని మాట ఏ బ్రోషరులోనూ ఉండదు, ఇంట్లో గాజులకే తెలుస్తుంది. కుర్రాడు తిరిగొచ్చి మూడూ తీర్చాక స్నేహితులకు పార్టీ ఇవ్వడానికి చేసేది నాలుగో అప్పు కిందికి వస్తుందా రాదా అన్న చర్చ పెద్దది. గ్రంథవిస్తరభీతిచేత ఇక్కడ వదిలేస్తున్నాం.