పన్ను లేని పళ్ల పరీక్ష

"అన్నయ్యా, వాడికి బీడీఎస్ వచ్చింది" అంది మా చెల్లెలు ఫోన్లో. ఆ గొంతు విన్నాక "ఏ ఆస్పత్రిలో చేర్చారమ్మా?" అనబోయి నాలుక కరుచుకున్నాను. వచ్చింది జబ్బు కాదు, సీటు అని వెలగడానికి కాస్త టైము పట్టింది. సంతోషించాలో ఓదార్చాలో తేలక, రెండూ కలిపి "అయ్యో... శుభం" అనేశాను.

మర్నాడే తెనాలి వెళ్లాను. గుమ్మం ముందు చెప్పుల గుట్ట చూస్తే లోపల జరిగేది నిశ్చితార్థమో పదోరోజో చెప్పలేం. ఎదురింటి పిన్నిగారు మా చెల్లెలి చెయ్యి పట్టుకుని, "పోనీలే అమ్మా, ఏదో ఒక డాక్టరే కదా" అంటోంది. మా బావగారు గోడకున్న క్యాలెండర్ వైపు చూస్తున్నారు. ఇంకొకాయన, "మా తోడల్లుడి కొడుక్కీ ఇలాగే అయింది. అయిదేళ్లలో తేరుకున్నాడు" అని ధైర్యం చెబుతున్నాడు. నాలుగేళ్లు కోర్సు, ఏడాది హౌస్ సర్జన్సీ కలిపితే అయిదే. ఆయన లెక్కలో మనిషి. కాఫీలో పంచదార లేదు. వెయ్యాలన్న ధ్యాస ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

నవ్వుతున్నది ఒక్కరే, మా చెల్లెలి అత్తగారు. ఎనభై దాటాయి. నోట్లో ఒక్క పన్ను లేదు. చిన్న ఇత్తడి రోట్లో తమలపాకూ వక్కా దంచుకుంటూ, "ఒరేయ్, అయితే నాకు పళ్లు కడతావన్నమాట!" అంది మనవడితో. ఇల్లంతా ఆవిడ వైపు కోపంగా చూసింది. చావింట్లో లడ్డూ అడిగినట్టు చూసింది.

మా మేనల్లుడు మాత్రం ఆ పళ్లు ఎక్కడ రాసిపెట్టి ఉన్నాయో వెతుక్కుంటూ మూడేళ్లు తిరిగాడు. ఇంటర్‌తో ఒకసారి, తర్వాత లాంగ్ టర్మ్ కోచింగ్‌తో రెండుసార్లు. లాంగ్ టర్మ్ అంటే తెలియని తెలుగు తల్లిదండ్రులు ఇవాళ లేరు. బ్యాంకులో అదే పేరుతో డిపాజిట్ ఉంటుంది. అందులో డబ్బు పెరుగుతుంది. ఇందులో పిల్లాడికి గడ్డం పెరుగుతుంది.

ఆ కోచింగ్ హాస్టల్‌కి ఒకసారి పోయాను, ఔటింగ్ రోజున. గదిలో ఆరు మంచాలు, ఆరు బకెట్లు, ఆరు జువాలజీ పుస్తకాలు. మంచం తలవైపు గోడ మీద "ఎంబీబీఎస్" అని స్కెచ్ పెన్నుతో రాసుకున్నాడు మావాడు. పక్క మంచంవాడు రాసుకున్నదీ అదే. గది మొత్తంలో, ఆ అంతస్తు మొత్తంలో, "బీడీఎస్" అని రాసుకున్న గోడ ఒక్కటీ లేదు. వార్డెన్‌ని అడిగితే, "అది రాసుకునేది కాదు సార్, వచ్చేది" అన్నాడు. అంతకంటే క్లుప్తంగా ఈ దేశంలో దంతవైద్య విద్యను వర్ణించినవాణ్ణి నేను ఇంకా చూడలేదు.

కాబట్టి డెంటల్ కాలేజీకి ఎలా ప్రిపేర్ అవ్వాలని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఎంబీబీఎస్‌కి ప్రిపేర్ అవ్వాలి. కాకపోతే కాస్త తక్కువగా.

ఎందుకంటే పరీక్ష ఒకటే. దాని పేరు నీట్. 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఎంసెట్ రోజుల్లో ఈ కోత లేదు. తెలియని ప్రశ్న వస్తే కళ్లు మూసుకుని వెంకన్నను తలుచుకుని గడి దిద్దేవాళ్లు. నీట్ వచ్చాక ఆయన కూడా గ్యారంటీ ఇవ్వడం మానేశాడు. 2024లో దేశమంతటా ఈ పరీక్ష రాసినవాళ్లు 23 లక్షల పైమాటే. ఎంబీబీఎస్ సీట్లు లక్షకు పైచిలుకు, బీడీఎస్ సీట్లు సుమారు 28 వేలు. భోజనాల్లో మొదటి బంతి ఎంబీబీఎస్ వాళ్లది. విజయవాడలో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అయినా, వరంగల్‌లో కాళోజీ యూనివర్సిటీ అయినా ముందు ఆ విస్తళ్లే వేస్తాయి. వాళ్లు లేచాక రెండో బంతి మనది. అప్పటికి గారెలు అయిపోతాయి, సాంబారు మాత్రం ఉంటుంది.

ఆ ఏడాది ఫలితాలు జూన్ 4న వచ్చాయి. ఆంధ్రదేశం మొత్తం టీవీల ముందు కూర్చుని ఓట్ల లెక్కింపు చూస్తుంటే, మా చెల్లెలి ఇంట్లో మార్కుల లెక్కింపు. 67 మందికి 720కి 720 వచ్చాయి. ఒకే కుర్చీకి 67 మంది ముఖ్యమంత్రులన్నమాట. తర్వాత గ్రేస్ మార్కుల గొడవ, పేపర్ లీకు గొడవ, కోర్టు, ఒక ఫిజిక్స్ ప్రశ్నకు రెండు జవాబులున్నాయా ఒకటా అన్న దానికి ఐఐటీ నిపుణుల కమిటీ. చివరికి ఆ 67 మంది 17 మందిగా తేలారు. ఒక ప్రశ్నకు సరైన జవాబేదో చెప్పడానికి సుప్రీంకోర్టూ ఐఐటీ కలిసి కూర్చోవాల్సి వచ్చింది. మా మేనల్లుడికి దానికిచ్చింది నిమిషం.

సరే, పరీక్ష కష్టమైనదే. కష్టమైనదానిలో పన్ను ఎక్కడుందీ అన్నది నా సందేహం.

పరీక్ష రోజు నేనే తోడు వెళ్లాను. పొడుగు చేతుల చొక్కా కూడదు. బూట్లు కూడదు. వాచీ కూడదు. వరసలో మా ముందున్న అమ్మాయి ముక్కుపుడక రాక, వాళ్ల నాన్న పక్క కొట్టులో కొబ్బరినూనె కొనుక్కొచ్చి తీశాడు. రాసే పెన్ను కూడా వాళ్లే ఇస్తారు. మెటల్ డిటెక్టరుతో తల నుంచి కాళ్ల దాకా తడిమారు. అంత తనిఖీలోనూ ఎవరూ "నోరు తెరువు బాబూ" అనలేదు. ఆ రోజు మొత్తం మీద పళ్లకు సంబంధించి జరగడానికి అవకాశమున్న పని అదొక్కటే. అదీ జరగలేదు.

పోనీ లోపల ప్రశ్నపత్రంలో ఉంటాయా? ఒకప్పుడు ఉండేవి, పాపం. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీలో జీర్ణక్రియ అని ఒక పాఠం. అందులో మనిషి దంత సూత్రం: 2123 మీద 2123. కొరికేవి రెండు, చీల్చేది ఒకటి, ముందు దవడ పళ్లు రెండు, వెనక దవడ పళ్లు మూడు. ఇవి నోటిలో నాలుగు వైపులా, వెరసి 32. మావాడు రెండేళ్లపాటు దీన్ని గాయత్రీ మంత్రంలా జపించాడు. అర్ధరాత్రి లేపినా ఇరవై ఒకటీ ఇరవై మూడూ అనేవాడు. పిల్లలకు బరువు తగ్గించాలని పెద్దలకు జాలి కలిగింది. పాఠాలు కోశారు. 2024 నీట్ సిలబస్ నుంచి జీర్ణక్రియ పాఠం మొత్తం ఎగిరిపోయింది. దాంతోపాటు పళ్లూ ఊడిపోయాయి. కప్ప మాత్రం మిగిలింది.

ఇంకోసారి చెబుతాను, అచ్చుతప్పు అనుకునేరు. పళ్ల డాక్టర్లను ఎంపిక చేసే పరీక్షలో పళ్ల పాఠం తీసేశారు, కప్పను ఉంచారు. రేపు నా దవడ వాచి, చెంప బూరెలా పొంగి, నేను ఏ అర్ధరాత్రో క్లినిక్ తలుపు తడితే, తలుపు తీసేవాడికి కప్ప గుండెలో ఎన్ని గదులున్నాయో కచ్చితంగా తెలిసి ఉంటుందని నాకు భరోసా ఉంది. మూడు.

ఫిజిక్స్‌ను నేను తప్పు పట్టను. పన్ను పీకడంలో తులాదండం సూత్రం ఉంది. పట్టకారు ఎక్కడ పట్టాలి, ఎటు ఊపాలి అన్నది ఫిజిక్సే. అయితే ఆ సూత్రం కాగితం మీద తెలిసినవాడు వేరు, చేతికి తెలిసినవాడు వేరు. చేతిని అడిగే ప్రశ్న ఈ 180లో ఒక్కటీ లేదు.

అమెరికాలో డెంటల్ కాలేజీకి విడిగా పరీక్ష ఉంది. డీఏటీ అంటారు. అందులో 90 ప్రశ్నలు కేవలం కంటి చూపుకే. ఏ కోణం పెద్దది, మడిచిన కాగితానికి చిల్లు పెట్టి విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ పడతాయి, ఈ గుట్టలో ఎన్ని పెట్టెలున్నాయి అని. 1970ల తొలినాళ్ల దాకా అయితే సుద్దముక్క చేతికిచ్చి చెక్కమనేవారు. కెనడాలో మొన్నమొన్నటి దాకా సబ్బు చెక్కించారు. ఇది చదివాక నాకు కొండపల్లి గుర్తొచ్చింది. తెల్లపొణికి చెక్క మీద అంబారీ ఏనుగుకు గోరంత దంతం చెక్కే ముసలాయన్ని ఆ సుద్దముక్క పరీక్షకు కూర్చోబెడితే ఆలిండియా ఫస్ట్ ర్యాంకు మన కృష్ణా తీరానికే వచ్చేది, ఏ కోర్టుకూ వెళ్లకుండా. నీట్‌కు కూర్చోబెడితే కప్ప దగ్గర నెగెటివ్ మార్కులతో బయటికొస్తాడు.

ఇంత వడపోసినా మరి సీట్లకు కొట్టుకు చస్తున్నారా అంటే, లేదు. 2020-21లో దేశంలో బీడీఎస్ సీట్లు ఏడు వేల దాకా ఖాళీగా మిగిలాయి. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో కోర్టు అర్హత గీతను పది పర్సంటైళ్లు కిందికి దింపమంది. జనరల్ వాళ్లకు 50 కాస్తా 40 అయింది. అదే తీర్పులో ప్రైవేటు కాలేజీలు ఫీజులు తగ్గించే సంగతి ఆలోచించాలని కూడా చెప్పింది. గీతను వెంటనే దింపారు. ఆలోచన మాత్రం తీరుబడిగా సాగుతున్నట్టుంది. మొదట గేటు ముందు ముక్కుపుడకలు తీయించి, చివర్లో గేటే తీసేయడం మనకే చెల్లింది.

ఫీజు అంటే గుర్తొచ్చింది. మా బావగారు కోచింగ్ రసీదులు ఫైలులో దాచుకున్నారు. ప్రతి దాని మీదా 18 శాతం జీఎస్టీ. "చూశావా బావా, పన్ను కోసం ఎంత పన్ను కట్టానో" అన్నారు. మూడేళ్లలో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి హాస్యం అదే. తెలుగువాడి అదృష్టం, రెండు నొప్పులకూ ఒకటే మాట. రెండూ పీకుతుంటేనే తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. మావాడు కాలేజీలో చేరిన రెండో నెలలో పండక్కి ఇంటికొచ్చాడు. సంచిలోంచి చిన్న మైనం దిమ్మ, సన్నని కత్తి లాంటి పనిముట్టు తీశాడు. మొదటి ఏడు వాళ్లకు ఇదే పని: మైనంతో పన్ను చెక్కడం. నాలుగు మూలలూ కొలుచుకుని, గీతలు గీసుకుని, పొరలు పొరలుగా గీకుతూ కూర్చున్నాడు. చాప నిండా మైనం తురుము. ఫోన్ మోగినా చూడలేదు. పిలిస్తే పలకలేదు. రెండు గంటలయ్యాక అరచేతిలో పెట్టి చూపించాడు: పైదవడలో మొదటి పెద్ద పన్ను. నాలుగు కొమ్ములు, మధ్యలో గాడి. లోపలి వైపు బియ్యపు గింజంత బుడిపె ఒకటి అదనంగా ఉంది.

"ఇదేంట్రా, చెయ్యి జారిందా?" అన్నాను.

"కాదు మామయ్యా. కొందరికి అక్కడ అలా ఉంటుంది. దాన్ని కరబెల్లి కొమ్ము అంటారు. ఉందో లేదో నాలుకతో తడిమి చూసుకోండి" అన్నాడు.

తడిమి చూసుకున్నాను. ఉంది. యాభై ఎనిమిదేళ్లుగా నా నోట్లోనే ఉన్నదాన్ని నాకు పరిచయం చేసినవాడు, మూడుసార్లు పరీక్ష రాసి "ఓడిపోయి" వచ్చిన మా మేనల్లుడు. నాయనమ్మ ఆ మైనపు పన్నును తీసుకుని, వెలుతురుకు పట్టి, తిప్పి తిప్పి చూసి, "ఇది నాదేరా, ముప్ఫై ఏళ్ల కింద ఊడింది" అంది. నాకు తెలిసి ఆ కుర్రాడికి వచ్చిన మొదటి ర్యాంకు అది. ఇచ్చింది ఓఎంఆర్ షీటు కాదు, పళ్లు లేని మనిషి.

వాడి వేళ్లలో ఆ పని ఉందని మూడేళ్లు ఎవరికీ తెలియదు, వాడితో సహా. తెలుసుకోవాలన్న ఆసక్తి పరీక్షకు లేదు. ఎంపిక కాదు ఇది, లాటరీ. మంచి చెయ్యి తగిలితే మన నోటి అదృష్టం. తగలకపోతే లవంగాలున్నాయి.

పాఠకులకు చివరగా ఒక విన్నపం. డెంటల్ పిల్లలకు మైనం తర్వాత నిజం పళ్లు కావాలి, గాట్లు పెట్టి నేర్చుకోడానికి. మావాడు చిన్న సీసా పట్టుకుని ఊళ్లో ఉన్న క్లినిక్కులన్నీ తిరుగుతున్నాడు. మీరెవరైనా పన్ను పీకించుకుంటే చిన్నప్పటిలా ఇంటి కప్పు మీదికి విసరకండి. డాక్టరుగారితో చెప్పి ఆ సీసాలో వేయించండి. మూడో ఏటి నుంచి వాళ్లకు మనుషులు కూడా కావాలి. ఇంతమందికి చికిత్స చేశామని లెక్క చూపించాలి. పేషెంట్లు దొరక్క చుట్టాలను బస్సు చార్జీలిచ్చి మరీ తీసుకుపోతుంటారు. వెళ్లి కుర్చీలో కూర్చోండి, నోరు తెరవండి. పరీక్షలో ఎవరూ అడగని ప్రశ్న అదే, వాళ్లు జవాబు చెప్పాల్సిందీ దానికే. వాడి నాయనమ్మగారు ఇప్పటికే మొదటి పేరు రాయించుకున్నారు.