నూటికెంత?

రిజర్వు బ్యాంకు ఏటా ఆర్థిక అక్షరాస్యత వారోత్సవం జరుపుతుంది. ఆ వారంలో బ్యాంకు గుమ్మానికి బ్యానరు కడతారు. లోపల మేనేజరుగారు మాట్లాడతారు, విన్నవాళ్లకు తలా ఒక సమోసా పెడతారు. పోయినేడు మా పెద్దమ్మ అలాంటి సభ ఒకటి చూసొచ్చింది. నిజానికి ఆవిడ వెళ్లింది గడువు తీరిన ఫిక్సుడు డిపాజిట్ తిరగరాయించుకోవడానికి. ఇంటికొచ్చేసరికి చేతిలో డిపాజిట్ రసీదు లేదు. మనవడి పేరున ఇరవయ్యేళ్ల బీమా పాలసీ ఉంది. సమోసా బాగుందని చెప్పింది.

పెద్దమ్మకు అక్షరాస్యత లేదని మాత్రం ఆవిడ వినేట్టు అనకండి. తెనాలి దగ్గర పల్లెలో నలభై ఏళ్లుగా చిన్న చిన్న అప్పులిస్తోంది. గోడ క్యాలెండరు కాగితాల వెనక వైపే ఆవిడ ఖాతా పుస్తకం. "నలభై వేలు, రూపాయిన్నర, పద్నాలుగు నెలలా పది రోజులు" అనండి, మీరు ఫోనులో క్యాలిక్యులేటరు తెరిచేలోపు పప్పులో తాలింపు వేస్తూనే "ఎనిమిది వేల ఆరొందలు" అంటుంది. ప్రోనోటుకు ఆయుష్షు మూడేళ్లేనని తెలుసు. మూడేళ్లు నిండేలోపు బాకీదారు ఇంటికెళ్లి, కాఫీ తాగి, కుశల ప్రశ్నలడిగి, నోటు వెనక చెల్లు రాయించుకుని మరీ వస్తుంది.

నగరాల్లో పుట్టిన పిల్లల కోసం ఒక మాట. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి పన్నెండు శాతం. రెండు రూపాయలంటే ఇరవై నాలుగు. ఇంత సులువైన కొలబద్ద చేతిలో ఉన్న జాతికి వేరే అక్షరాస్యత ఎందుకో నాకు అర్థం కాదు. కాకపోతే ఆ కొలబద్దను అప్పిచ్చేటప్పుడే బయటికి తీస్తాం. మన డబ్బు ఇంకొకడి చేతిలో పెట్టేటప్పుడు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తాం.

ఆ పాలసీ సంగతే చూడండి. కాగితం నిండా గ్యారంటీడ్ అడిషన్, లాయల్టీ బోనస్, మెచ్యూరిటీ బెనిఫిట్. నూటికెంతో ఎక్కడా లేదు. "ఏడాదికి యాభై వేలు కడతారమ్మా, ఇరవయ్యేళ్లకు పది లక్షలవుతుంది, మీకు పదిహేడు లక్షల ముప్పై అయిదు వేలు వస్తుంది" అన్నాడట టై కట్టుకున్న అబ్బాయి. ఏడు లక్షల పైచిలుకు లాభం! మొన్న నేనూ పెద్దమ్మా క్యాలెండరు వెనక కూర్చుని లెక్క కట్టాం. మొదటి ఏడు కట్టిన యాభై వేలు వాళ్ల దగ్గర ఇరవయ్యేళ్లు ఉంటుంది, రెండో ఏటిది పంతొమ్మిదేళ్లు, అలా దిగుతూ వస్తే తేలింది ఏడాదికి అయిదు శాతం. పెద్దమ్మ భాషలో చెప్పాలంటే నలభై పైసల వడ్డీ, పైన ఒకటో అరో. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నలభై పైసలకు మా ఆడపడుచుక్కూడా ఇవ్వలేదురా" అంది.

అదే యాభై వేలు ఏటేటా పోస్టాఫీసు పీపీఎఫ్‌లో వేసి, పదిహేనేళ్లు నిండాక మరో అయిదేళ్లు పొడిగించుకుంటే, 2020 ఏప్రిల్ నుంచి నడుస్తున్న 7.1 శాతం లెక్కన ఇరవయ్యేళ్లకు ఇరవై రెండు లక్షలు. పాలసీలో ప్రాణానికి ధీమా ఉంది కదా అంటారు. ఉంది, పది లక్షలకు. అంత ధీమా విడిగా టర్మ్ పాలసీలో కొంటే ఆ ప్రీమియంలో చిన్న ముక్క సరిపోతుంది. ఈ మాట పెద్దమ్మకు ఎవరూ చెప్పలేదు. పోస్టాఫీసువాళ్లు సమోసా పెట్టరు.

నచ్చకపోతే ముప్పై రోజుల్లో పాలసీ వెనక్కివ్వొచ్చని ఇప్పుడు నిబంధన ఉంది. బాండు వచ్చిన కవరును పెద్దమ్మ చింపకుండానే పట్టుచీరల కింద పెట్టింది. మన ఇళ్లల్లో బాండు భద్రంగా దాచుకునే వస్తువు, చదివేది కాదు. ముప్పై రోజుల మాట ఆవిడ చెవిన పడింది నలభై ఒకటో రోజున.

రెట్టింపు అనే మాటకు మనం పడినట్టు మరే మాటకూ పడం. అందులో సర్కారు తప్పు కూడా కొంత ఉంది. 1988లో కిసాన్ వికాస్ పత్రాలు మొదలుపెట్టినప్పుడు అయిదున్నరేళ్లకు రెట్టింపన్నారు, అన్నట్టే ఇచ్చారు. 2011లో ఆపేసి, 2014లో మళ్లీ తెచ్చారు. ఇప్పుడవి రెట్టింపు కావడానికి 115 నెలలు పడుతుంది. పత్రం మారింది గానీ మా నాన్నగారి తరానికి ఆ అయిదున్నరేళ్లు బుర్రలోంచి పోలేదు.

పెద్దమ్మ దగ్గర దీనికో పల్లెటూరి సూత్రం ఉంది. రూపాయి వడ్డీకి నూరు నెలల్లో అసలంత వడ్డీ అవుతుంది. కాబట్టి ఎవడైనా ఇన్ని నెలల్లో రెట్టింపు చేస్తానంటే నూటిని ఆ నెలలతో భాగించు, వాడు ఎన్ని రూపాయల వడ్డీకి అప్పడుగుతున్నాడో తెలిసిపోతుంది. పాత పత్రం రూపాయిన్నర. ఇప్పటి పత్రం ఎనభై ఏడు పైసలు. పాతిక నెలల్లో రెట్టింపంటే నాలుగు రూపాయలు. "నాలుగు రూపాయలకు తీసుకునేవాడు తీర్చే ఉద్దేశంతో తీసుకోడురా. వాడికి ఇవ్వకూడదు, ఇచ్చినా తలుచుకోకూడదు" అంటుంది.

మరి ఇంత తెలిసిన పెద్దమ్మ బీరువాలో, ఆ పాలసీ కవరు కింద, పసుపు రంగు బాండు ఇంకొకటి ఎందుకుంది? దాని మీద పచ్చటి తోట బొమ్మ ఉంటుంది. కంపెనీ ఎప్పుడో మూతపడింది, పేరు నేను రాయను. అయిదేళ్లకు రెండింతలన్నారు. కట్టించుకున్నది ఆవిడ తోడికోడలి తమ్ముడు. పక్కింటివాడికి పదివేలిస్తే హామీ సంతకం లేకుండా ఇవ్వని మనిషి, ఊరూ పేరూ తెలియని కంపెనీకి లక్షన్నర ఇచ్చేటప్పుడు హామీ అడగలేదు. "మనవాడే కదా, ఎలా అడుగుతాం?" అంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత మనకొకటుంది. పత్రికలో అచ్చువేయడానికి వీల్లేదు, మీ అందరికీ తెలిసిందే.

ఇది ఒక్క పెద్దమ్మ కథ అయితే కాలమ్ దాకా ఎందుకు? విజయవాడ కేంద్రంగా డిపాజిట్లు కట్టించుకుని మునిగిన అగ్రిగోల్డ్ కంపెనీ లెక్క 32 లక్షల ఖాతాలు, దాదాపు 6,380 కోట్ల రూపాయలు. దాని ఏజెంట్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఊళ్లోవాళ్లు, చుట్టాలు, పేరంటాలకు వచ్చేవాళ్లు. డబ్బు పెట్టినవాళ్లతో పాటు వాళ్లూ మునిగారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో పదివేల లోపు, 2021లో ఇరవైవేల లోపు డిపాజిట్లవాళ్లకు ఖజానా నుంచి చెల్లించింది. పేదవాళ్లకు అందింది, సంతోషం. అయితే ఆ కంపెనీలో చిల్లిగవ్వ పెట్టని పన్నుదారుడు కూడా ఒకరకంగా అందులో డిపాజిటరు అయినట్టే.

మొహమాటం మన రక్తంలో ఉందని కూడా అనలేను. బంగారం కొట్లో చూడండి. తరుగు పద్నాలుగు శాతం అంటే పదకొండుకు దించేదాకా కుర్చీలోంచి లేవం. ఆడపిల్ల పెళ్లి అని చెబుతాం, మూడు తరాల ఖాతాదారులమని చెబుతాం, రెండో కూల్‌డ్రింకు తాగుతాం. అదే మనల్ని పాలసీ అమ్మినవాణ్ని "నీకు కమీషనెంత నాయనా?" అని అడగమంటే సిగ్గుతో చచ్చిపోతాం.

ఇక మనవడు. బీటెక్కు, మాధాపూర్‌లో ఉద్యోగం. మొన్న దసరాకు వచ్చి నానమ్మకు ఫోను చూపించాడు. అందులో ఏదో గ్రూపు. రోజుకు ఒక శాతం లాభం ఖాయం అంటున్నారు. పెద్దమ్మ తమలపాకుకు సున్నం రాస్తూ, "అంటే ముప్పై రూపాయల వడ్డీ" అంది.

"అది వడ్డీ కాదు నానమ్మా, ట్రేడింగ్."

"ఏదైతే ఏంరా. అంత లాభం వచ్చే కిటుకు తెలిసినవాడికి బ్యాంకు రూపాయి వడ్డీకి అప్పిస్తుందిగా. వాడు నీకు ముప్పై రూపాయలిచ్చి నీ దగ్గరే ఎందుకు తీసుకుంటున్నాడు?"

దీనికి సమాధానం నాకు ఇప్పటిదాకా ఏ నిపుణుడూ చెప్పలేదు. మనవడు మాట మార్చి ఆ గ్రూపు వదిలేశానన్నాడు. సొంతంగా ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడుతున్నాడట. సెబీ 2021-22 నుంచి మూడేళ్ల లెక్కలు తీసింది. ఈ ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు మనుషుల్లో నూటికి 93 మంది నష్టపోయారు, పోయింది మొత్తం 1.8 లక్షల కోట్ల పైన. నేను ఆ సంగతి చెబితే పెద్దమ్మ, "నలుగురు కూర్చున్న పేకాటలో ఒకడన్నా గెలుస్తాడు కదరా, అదే నయం" అంది. లెక్క సరిగ్గానే ఉంది. ఇరవై అయిదు, ఏడు కంటే పెద్దదే.

తీరా ఆడిన డబ్బు ఎక్కడిదంటే, కొంత జీతం, కొంత క్రెడిట్ కార్డు. కార్డు మీద లక్షా ఇరవై వేలు నిలవ ఉంది, ప్రతి నెలా మినిమం డ్యూ కడుతున్నాడు. నెలకు మూడున్నర శాతం.

"మూడున్నర రూపాయలా!" అంది పెద్దమ్మ. సున్నం వేలికే ఉండిపోయింది. ఆవిడ ఊళ్లో రెండు రూపాయలు దాటి అప్పడిగేవాళ్లు పగలు రారు. పొద్దుగూకాక, పెరటి గుమ్మంలోంచి వస్తారు. వీడేమో కార్డును రెస్టారెంట్లో అందరి ముందూ తీసి ఊపుతాడు, పైగా దాని రంగు చూసి గర్వపడతాడు.

లోపలికెళ్లి ట్రంకుపెట్టెలోంచి ఒక కాగితం, రెవెన్యూ స్టాంపు తెచ్చింది. "రూపాయిన్నరకు నేనిస్తా, ఆ కార్డు తీర్చెయ్. రాయి." మనవడు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. వాడు జీవితంలో మొదటిసారి రెవెన్యూ స్టాంపు చూసి, దాన్ని నాలుకతో తడపాలా అని అడిగి, దాని మీద అడ్డంగా సంతకం పెట్టాడు. హామీ సంతకం వాళ్ల నాన్న చేత పెట్టించింది, కన్నకొడుకని చూడకుండా. నెలకు నాలుగు వేల రెండొందలు పోయేచోట ఇప్పుడు పద్దెనిమిది వందలు పోతోంది, అదీ ఇంట్లోకే. పండగ భోజనాలకు కూర్చున్న పదిహేను మందిలో ఇద్దరు మ్యూచువల్ ఫండ్ల గురించి, ఒకరు ప్రీలాంచ్ ప్లాట్ల గురించి, ఇంకొకరు క్రిప్టో గురించి మాట్లాడారు. ఆ రోజు ఆ ఇంట్లో జరిగిన పనికొచ్చే పెట్టుబడి మాత్రం ఈ ప్రోనోటు ఒక్కటే.

ప్రీలాంచ్ ప్లాట్ల పెద్దమనిషి పెద్దమ్మకు అల్లుడి వరస. వెళ్లేటప్పుడు బ్రోచరు ఆవిడ ఒళ్లో పెట్టి, "మూడేళ్లకు రెట్టింపు అత్తయ్యా, మనవాళ్లకే ఇస్తున్నా" అన్నాడు. ముప్పై ఆరు నెలలు. పెద్దమ్మ పైకప్పు వైపు చూసి భాగించింది. "రెండు రూపాయల ముప్పావలా. హామీ ఎవరు బాబూ?" అంది. అందరూ చేతులు కడుక్కోవడానికి లేచారు.

ఆ అల్లుడు సంక్రాంతికి రాలేదు. పాలసీ రెండో ప్రీమియం యాభై వేలు మాత్రం మార్చి 12న కట్టాలి, బ్యాంకు నుంచి టై అబ్బాయి రోజూ ఫోను చేస్తున్నాడు.