అడుగు చూసి చెప్పేదాన్ని

నేను ఇత్తడి డిప్ రాడ్‌ని. నెల్లూరు తీరాన, బకింగ్‌హామ్ కాలవకు దగ్గర్లోని ఒక పెట్రోలు బంకులో ఉంటాను. ఇనుమైతే రాపిడికి నిప్పురవ్వ లేస్తుందని నన్ను ఇత్తడితో చేశారు. ఒంటినిండా మిల్లీమీటర్ల గీతలు, తల దగ్గర తూనికలు కొలతల శాఖ ముద్ర. పొద్దున్నే మేనేజరు ట్యాంకు మూత తీసి నన్ను లోపలికి దించుతాడు. అడుగు తగలగానే పైకి లాగి తడి ఎక్కడిదాకా ఉందో చూస్తాడు. ఆ అంకెకు ఎన్ని లీటర్లో చార్టులో వెతికి రిజిస్టరులో రాస్తాడు. నిన్నటి నిల్వలోంచి మీటరు చూపిన అమ్మకం తీసేస్తే నేను చూపిన లెక్క రావాలి. రాకపోతే సరుకు ఎటు పోయిందో వెతకాలి.

మాది 20 వేల లీటర్ల ట్యాంకు, పడుకోబెట్టిన పీపా ఆకారం. సగం నిండి ఉన్నప్పుడు నా ఒంటి మీద ఒక్క మిల్లీమీటరు అంటే పన్నెండు, పదమూడు లీటర్లు. రోజుకు అయిదారు లీటర్లు కారిపోతుంటే ఏ పూటకాపూట నా గీతలకు అందదు. ఏడాది తిరిగేసరికి అది రెండువేల లీటర్లు. దానికితోడు ఎండ ఒకటి. మే నెలలో కాగి వచ్చిన లారీ సరుకు, 12 వేల లీటర్లు, నేలలో అయిదు డిగ్రీలు చల్లబడితే అరవై లీటర్లు తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే లెక్క తగ్గిన ప్రతిసారీ "వేడి తేడాలే" అనేస్తారు. ఆ మాట చాలాసార్లు నిజం. నిజం కాని రోజే ప్రమాదం.

2021 నవంబరులో పెన్నా పొంగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, కోవూరు వైపు హైవే ఆగిపోయింది. మా బంకులో భూగర్భజలం ట్యాంకు భుజాల దాకా వచ్చింది. దించేముందు నా కొనకు పేస్టు పూస్తారు, నీళ్లు తగిలితే అది ఎర్రబారుతుంది. ఆ రోజు నాలుగు వేళ్ల మేర ఎర్రబారింది. మూతలోంచి వాననీళ్లు దిగాయనుకొని తోడేశారు. వాన వెలిశాక కూడా ఎరుపు మానలేదు. నీళ్లు పైనుంచి రావడం లేదు, తుప్పు తిన్న చోటునుంచి లోపలికి ఊరుతున్నాయి.

ఎండలు ముదిరాయి, బయట నీటిమట్టం దిగింది, నా కొన ఎర్రబారడం మానింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. చిల్లు మాత్రం అలాగే ఉంది. బయట నీళ్లు ఎక్కువున్నన్నాళ్లూ లోపలికి నీళ్లు వచ్చాయి, బయట తగ్గగానే అదే దారిన పెట్రోలు వెళ్లిపోయింది. మా తీరంలో ఈశాన్య రుతుపవనం వెళ్లాక ఈ సంగతి ఎవరూ మరవకూడదు. పెట్రోలులో ఇథనాల్ కలపడం మొదలయ్యాక జాగ్రత్త ఇంకా పెరిగింది. నీళ్లు చేరితే ఇథనాల్ వాటితో కలిసి అడుగుకు దిగుతుంది, ఆ మిశ్రమాన్ని మామూలు పేస్టు సరిగ్గా పట్టలేదు. దానికి వేరే పేస్టు వాడాలి.

ఒకనాడు వెనక వీధి పెద్దామె బిందె చంకనేసుకొని వచ్చింది. "నీళ్లు కిరసనాయిలు కంపు కొడతా ఉండాయి అబ్బయా, ఒకసారి చూడు" అంది. మేనేజరు దోసిట పోసుకున్నాడు. నీటిమీద ఇంద్రధనుస్సు రంగుల పొర కదిలింది. ఆ సాయంత్రమే అమ్మకం ఆపి ట్యాంకు ఖాళీ చేశారు, గాలి పట్టించి పరీక్షించారు, తవ్వారు. కిందినుంచి వచ్చిన ఇసుక నల్లగా, ఘాటుగా ఉంది.

మా నేలంతా ఇసుక. మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద పలుచని పొరగా తేలుతుంటాయి, అందుకే ఒరల బావులు లోతుండవు. రొయ్యల గుంటలొచ్చాక ఉప్పు ఊళ్ల బావుల్లోకి పాకింది. తీరగ్రామాల తాగునీటి గోడు 1996 డిసెంబరులో ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుదాకా వెళ్లింది. కిందనుంచి ఉప్పు, పైనుంచి పెట్రోలు, మధ్యలో ఆ పలుచని పొర. పెట్రోలు నీటికంటే తేలిక కనుక పైన తేలుతుంది, దానిలోని బెంజీన్ మాత్రం నీటిలో కరిగి పల్లానికి సాగిపోతుంది. అది క్యాన్సర్ కారకం. తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. మన పెట్రోలులో బెంజీన్ ఒక శాతం దాకా ఉండొచ్చు. లెక్క వేస్తే ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీన్ ఎనిమిది లక్షల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చగలదు.

ఇది మా ఊరికే వచ్చిన కష్టం కాదు. 2013లో చెన్నై తండయార్‌పేటలో భూగర్భ పైపులైను కారి ఇళ్ల బోర్లలో నూనె వచ్చింది. 1996లో అమెరికాలోని శాంటా మోనికా పట్టణం, పెట్రోలులో కలిపే ఎంటీబీఈ అనే రసాయనం చేరినందుకు, తన సొంత నీటి బావులు మూసుకోవలసి వచ్చింది. ఆ దేశం 1988లోనే నేలలోపలి ట్యాంకులకు లీకు కనిపెట్టే ఏర్పాటు ఉండాలని నియమం పెట్టింది. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో కొత్త బంకులు ఇళ్లకు, బడులకు 50 మీటర్ల దూరంలో ఉండాలంది, వీలుకాని చోట అదనపు రక్షణతో 30 మీటర్లు. దూరం మంచిదే. కానీ ఇసుకలో నీరు దూరాన్ని లెక్కచేయదు.

నా చూపు ట్యాంకు గోడ దాటదు. బయట చూడటానికి ఇంకో గొట్టం కావాలి. చిల్లులున్న నాలుగంగుళాల పైపును ట్యాంకుకూ ఊరి బావులకూ మధ్య నీటిమట్టం దాటేదాకా దింపితే, నెలకోసారి నీళ్లు తోడి చూడవచ్చు. మా బంకులో ఇప్పుడు కొత్త ట్యాంకుతో పాటు అది కూడా ఉంది. పెద్దామె బావికి మాత్రం మూత వేశారు, ఆమె క్యాన్ నీళ్లు కొనుక్కుంటోంది.

బంకు యజమానులారా, ఆ పైపు ఖర్చుకు వెనకాడకండి. బంకు దగ్గర బావి ఉన్నవాళ్లారా, నీళ్లలో ఆ వాసన తగిలితే వెంటనే తాగడం మానండి, కాలుష్య నియంత్రణ మండలికి రాతమూలకంగా ఫిర్యాదివ్వండి, బెంజీన్ పరీక్ష చేయమని పేరు పెట్టి అడగండి. ఉప్పు, ఫ్లోరైడ్ చూసే మామూలు నీటి పరీక్షలో అది బయటపడదు.