ఫిరంగి గుంతలు

1687 నాటి గోల్కొండ యుద్ధభూమి ఎక్కడుందో చూసొద్దామని చరిత్రాభిమానుల బృందమొకటి ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ మీద పడింది.

మొదటి మజిలీ ఫతే మైదాన్. మొగలు సేన గుడారాలు వేసిన చోటు. ఇప్పుడు ఎల్బీ స్టేడియం.
గుడారాలు మానలేదు. గెలిచినవాళ్లు ప్రమాణ స్వీకారానికి వేయిస్తున్నారు.

తర్వాత ఫతే దర్వాజా. ఏనుగులు కుమ్మకుండా తలుపులకు ఇనుప మేకులు దిగ్గొట్టించారు కుతుబ్‌షాహీలు.
ఆటోల సంగతి పాపం వాళ్లకు తట్టలేదు.

"శత్రువు ఎటునుంచి వచ్చాడు సార్?"
సారు చెయ్యెత్తి చూపించారు.
అపార్ట్‌మెంటు అడ్డొచ్చింది.

ఔరంగజేబు ఎనిమిది నెలలు ఫిరంగులు పేల్చినా కోట లొంగలేదు. చివరికి లోపలి మనిషి, అబ్దుల్లా ఖాన్ పన్నీ, డబ్బు పుచ్చుకుని రాత్రికి రాత్రే తలుపు తీశాడు.
ఇన్ని ఘట్టాల్లో ఇదొక్కటే ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. చెరువు శిఖంలో ఫ్లాటు కొన్నవాళ్లయితే సగంలోనే తలూపేశారు. అనుమతులన్నీ పక్కాగా ఉన్నాయట, పాపం.

ఆఖరున నయా ఖిలా. పచ్చటి గడ్డి మీద అక్కడక్కడా గుంతలు.
"ఫిరంగి దెబ్బలు!" అంటూ బృందం ఫోన్లు తీసింది. సెల్ఫీలు దిగింది. ఒకాయన కళ్లు కూడా ఒత్తుకున్నారు.

గోల్ఫు ఆడే పెద్దమనిషి దూరం నుంచి కేకేశారు:
"తప్పుకోండి, బంతి వస్తోంది!"

అందరూ నేలమీద పడుకున్నారు. యుద్ధం చూద్దామని వచ్చినందుకు ఆ మాత్రమైనా దక్కింది.